మొదటి సూది బొమ్మకే: శ్రీకాకుళంలో ఒక స్కిల్ ల్యాబ్ డైరీ

జూన్, మూడో వారం

మా వైద్య కళాశాల స్కిల్ ల్యాబ్ తాళాలు ఈ వారం చేతికొచ్చాయి. విద్యార్థులు రోగి కన్నా ముందు బొమ్మల మీద చెయ్యి తిప్పుకునే చోటు ఇది. పాత పరీక్షల హాలు పక్కన పొడుగాటి గది, దాన్నానుకుని చిన్న గదులు నాలుగు. 2020లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కనీస ప్రమాణాల ప్రకారం 150 సీట్ల కాలేజీలో స్కిల్ ల్యాబ్‌కి 600 చదరపు మీటర్ల చోటుండాలని ఉండేది. మిగతా చోటు పై అంతస్తులో చూపిస్తామన్నారు. అది వచ్చేదాకా ఆగదలచుకోలేదు. రాత్రి డ్యూటీ దిగిన హౌస్ సర్జన్ పొద్దున్నే వచ్చినా, వార్డు పోస్టింగు ముగించుకుని మూడో ఏడాది పిల్లలు సాయంత్రం వచ్చినా తలుపు తీసి ఉండాలి, లోపల నేర్పేవాళ్లు ఎవరో ఒకరుండాలి. ఇదొక్కటే ప్రిన్సిపాల్ గారికి నేను పెట్టిన షరతు. ఒప్పుకున్నారు.

స్టోరులోని సామాను కిందికి దింపించాం. సీపీఆర్ (ఆగిన గుండెకి ఛాతీ నొక్కి ఊపిరి పోయడం) బొమ్మలు, ఇంట్యుబేషన్ (గొంతులోంచి ఊపిరి గొట్టం వెయ్యడం) నేర్చుకునే తలలు, కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) బొమ్మ, కాన్పు బొమ్మ, సిరలో సూది వెయ్యడం నేర్చుకునే ఐవీ చేతులు. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. తనిఖీ కోసం కొన్నవి తనిఖీ కాగానే మళ్లీ అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఐవీ చేతుల చర్మం ఎండలకి బంకగా మారి కవరుకే అతుక్కుపోయింది.

ఈ పని ఎందుకో మొదట్లోనే రాసిపెట్టుకుంటున్నాను. సీతంపేట కొండల మీంచో, మందస అవతలి పల్లెల్లోంచో బస్సులు మారి మా ఆసుపత్రికొచ్చే మనిషి "ఇంతకుముందు సూది పట్టని పిల్లాడు నాకొద్దు" అనలేడు. అలా అనొచ్చని కూడా అతనికి ఎవరూ చెప్పరు. తరతరాలుగా మన వైద్యవిద్య మొదటి పాఠాలన్నీ ఆ పేదవాడి ఒంటి మీదే దిద్దుకుంది. ఇది అన్యాయం. మొదటి సూది, మొదటి కుట్టు, మొదటి కాథెటర్ బొమ్మకే పడాలి. మనిషి దగ్గరికి వెళ్లేసరికి విద్యార్థి చేతికి వణుకు తగ్గి ఉండాలి. 2019లో చేరిన బ్యాచి నుంచి అమల్లోకొచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక కూడా నైపుణ్యాలు ముందు ల్యాబ్‌లో చేసి చూపించమనే అంటోంది. కాగితం మీదున్న ఆ మాటని ఈ గదిలోకి తీసుకురావాలి.

జులై, మొదటి వారం

కొత్త ఐవీ చేతులు కొనాలంటే కొటేషన్లు, కమిటీ, ఫైలు. అవి నడుస్తుంటాయి. ఈలోగా చేతులు మేమే చేసుకుందామని అనస్థీషియా టెక్నీషియన్ కుర్రాళ్లిద్దరితో కూర్చున్నాను.

మొదట జెలటిన్‌తో పోతపోశాం. అల్ట్రాసౌండ్ చూస్తూ సూది గుచ్చడం నేర్పడానికి చాలాచోట్ల అదే వాడతారు. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు నిజంగానే కండ పట్టుకున్నట్టుంది. మధ్యాహ్నానికి అంచులు కారిపోయాయి. జెలటిన్ 35 డిగ్రీల లోపే మెత్తబడి కరుగుతుంది, మన ఉక్కపోతలో ఫ్యాను కింద అది నిలవదు. చైనాగ్రాస్‌తో చేస్తే వేడికి భయం లేదు. అది మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల దాకా వెళ్లాలి. కానీ పెళుసు. సూది తీసిన చోటల్లా చీలి, రెండో విద్యార్థి వచ్చేసరికి గాట్లే మిగులుతున్నాయి. రెండూ పక్కన పెట్టేశాం.

చివరికి పనికొచ్చినది పరుపుల కొట్లో మిగిలిపోయిన గట్టి ఫోము. పీవీసీ పైపు ముక్క చుట్టూ ఫోము చుట్టి, ముంజేయి ఆకారానికి కత్తిరించి, పైన పొడవునా గాడి తీశాం. సిర కోసం ముందు డ్రిప్ సెట్ గొట్టం పెట్టి చూశాం. అది గట్టిది, సూది మొన జారిపోతుంది. పల్చటి లేటెక్స్ గొట్టం సరిగ్గా కుదిరింది. సూది గోడ దాటినప్పుడు వేలికి చిన్నగా తెగినట్టు తెలుస్తుంది, పొడిచిన చోటు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. గాడి మీద పల్చటి ఫోము షీటు, దాని మీద చర్మంగా కాన్పుల గదిలో వాడే మోచేతి దాకా వచ్చే గ్లవ్స్. చిరిగితే గ్లవ్ మార్చుకుంటే సరి.

ఎర్ర రంగు నీళ్లు నింపిన సెలైన్ సీసాని గొట్టానికి కలిపాం. సీసా ఎత్తు ముఖ్యం. స్టాండు చివర వేలాడదీస్తే నీళ్లు ధమనిలోంచి చిమ్మినట్టు చిమ్ముతాయి. చేతికి జానెడు పైన ఉంచితే సిరలో ఉండే ఒత్తిడి దరిదాపులకి వస్తుంది, క్యాన్యులా (సిరలో ఉంచే ప్లాస్టిక్ గొట్టం తొడిగిన సూది) వెనక గదిలో ఎర్ర చుక్క నెమ్మదిగా తేలుతుంది.

ఆ చుక్క దగ్గరే అందరూ తడబడతారు. చుక్క కనపడగానే "వచ్చేసింది" అనుకుని అదే కోణంలో ముందుకు తోస్తారు, మొన వెనక గోడలోంచి బయటికి పోతుంది. చుక్క కనిపించాక కోణం తగ్గించాలి, ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రం జరపాలి, అప్పుడు సూదిని కదలకుండా పట్టుకుని ప్లాస్టిక్ గొట్టం ఒక్కదాన్నే ముందుకి జార్చాలి. వార్డులో ఇది మాటల్లో చెప్తే బుర్ర ఊపుతారు. ఇక్కడ వెనక గోడ చీలితే ఫోములోంచి ఎర్రనీళ్లు ఊరుతూ కళ్లెదుటే కనబడతాయి.

ఒక చేతికి మాత్రం లేటెక్స్ గొట్టానికి బదులు పిల్లల కోసం మెలిపెట్టి బొమ్మలు చేసే పొడుగు బెలూను పెట్టాం. తాకితే పక్కకి దొర్లిపోతుంది, గట్టిగా పొడిస్తే పగిలిపోతుంది. దాని మీద మార్కరుతో "మామ్మగారి చెయ్యి" అని రాశారు కుర్రాళ్లు. గులాబీ రంగు 20 గేజి సూదితో అక్కడ విఫలమైనవాళ్లు అంతకన్నా సన్నటి నీలం 22 అందుకోవడం వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటున్నారు.

జులై, మూడో వారం

ఇంకో చెయ్యి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతం కోసం చేశాం.

మన జిల్లాలో ఐవీ నేర్పేటప్పుడు కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగుల్ని పక్కనపెట్టి నేర్పడం కుదరదు. అక్కడి జబ్బుకి పక్కా కారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైనా, జ్వరమనో దెబ్బ తగిలిందనో ఆ రోగులు ఏ ఆసుపత్రి క్యాజువాల్టీకైనా వస్తారు. డయాలిసిస్ చేయించుకునే మనిషికి ముంజేతి సిరలే ప్రాణాధారం. సిరని ధమనికి కలిపి ఫిస్టులా చేసిన చేతికి టోర్నికే (సిర ఉబ్బడానికి బిగించే పట్టీ) కట్టకూడదు, బీపీ చూడకూడదు, సూది గుచ్చకూడదు. ఇంకా డయాలిసిస్ దాకా రాకపోయినా కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి ముంజేతి సిరలు వదిలేసి అరచేతి వెనక వైపు వెతకాలి. తొందరలో మణికట్టు మీది పెద్ద సిరలో వేసిన ఒక్క క్యాన్యులా ఆ సిరని గడ్డకట్టిస్తే రేపు ఫిస్టులాకి చోటు మిగలదు.

పాత మొబైలు ఫోన్లోంచి తీసిన వైబ్రేషన్ మోటారుని ఫోములో, మణికట్టుకి కాస్త పైన దాచాం. చిన్న బ్యాటరీతో తిరుగుతుంది. పైన గ్లవ్ చర్మం మీద అడ్డంగా పాత కుట్టు మచ్చ గీశాం. వేళ్లు ఆనిస్తే జివ్వుమంటుంది. ఫిస్టులా మీద చెయ్యి పెట్టినవాళ్లకి ఆ జివ్వు ఏమిటో తెలుసు.

దీన్ని మామూలు చేతుల మధ్యలో కలిపేసి, ఏ సూచనా ఇవ్వకుండా విద్యార్థుల ముందు పెడుతున్నాం. మొదటి బ్యాచిలో చాలామంది నేరుగా టోర్నికే బిగించేశారు. ఎవరినీ కసురుకోలేదు. వేళ్లు పట్టుకుని ఆ మచ్చ మీద ఆనించాను, అంతే. ఇప్పుడు ఆ పిల్లలు ప్రతి చేతినీ ముందు తడిమి చూస్తున్నారు, "డయాలిసిస్ ఏమైనా చేయించుకుంటున్నారా?" అని బొమ్మనే అడుగుతున్నారు. ఈ ల్యాబ్‌లో ఇప్పటిదాకా చేసిన వస్తువుల్లో నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం.

జులై ఆఖరు

సీపీఆర్ మొదలైంది. బొమ్మ మీద ఊపిరి పోయడం నేర్పే పద్ధతికి 1960లో నార్వే బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ రూపమిచ్చాడు. పిల్లల బొమ్మలు చేసే చేతులతోనే రెససీ ఆన్ అనే బొమ్మని చేశాడు. మా దగ్గరున్నది ఆ కోవలోదే, సరైన లోతుకి నొక్కితే టిక్కుమంటుంది.

నేర్పే తీరు మార్చాం. బ్రిటిష్ సర్జన్ పేటన్ పేరుతో చెలామణిలో ఉన్న నాలుగు మెట్ల పద్ధతి ఇది. ముందు నేను మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపిస్తాను. రెండోసారి ఆగి ఆగి వివరిస్తూ చేస్తాను. మూడోసారి విద్యార్థి చెప్తుంటే నేను చేస్తాను, వాళ్లు చెప్పనిది చెయ్యను. నాలుగోసారి వాళ్లే చెప్తూ చేస్తారు. ఆ మూడో మెట్టుని చాలామంది టైము లేదని దాటేస్తారు. అసలు ఎక్కడ తెలియదో బయటపడేది అక్కడే. "చాతీ పూర్తిగా పైకి రానివ్వండి" అని విద్యార్థి చెప్పకపోతే నేను బరువు ఆనించి అలాగే ఉండిపోతాను. పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు.

నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా 6 దాటకుండా, 30 నొక్కులకి 2 ఊపిరులు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. నేల మీద అందరూ టిక్కుమనిపించారు. తర్వాత అదే బొమ్మని వార్డు మంచం మీద, స్పాంజి పరుపు మీద పడుకోబెట్టాం. టిక్కులు ఆగిపోయాయి. వాళ్ల బలమంతా పరుపే మింగేస్తోంది, గుండె దాకా వెళ్లట్లేదు. పొట్టిగా ఉన్న పిల్లలకి మంచం ఎత్తు వల్ల మోచేతులు వంగిపోతున్నాయి. వీపు కింద గట్టి చెక్క, కాళ్ల కింద పీట పెడితే టిక్కులు తిరిగొచ్చాయి.

చూసిన వెంటనే వడ్రంగికి కబురు పెట్టాం. ప్లైవుడ్ పలకలు కోసి, అంచులు నున్నగా చేసి, పట్టుకోవడానికి రంధ్రాలు పెట్టించి వార్డుల ఎమర్జెన్సీ ట్రాలీలకి ఒక్కొక్కటి తగిలించాం. పిల్లలకి నేర్పుదామని మొదలుపెట్టినది ఆసుపత్రి మంచాల్నే సరిచేసింది.

ఆగస్టు, రెండో వారం

ఉభాల (వరి నాట్ల) కాలం. పొలాల్లో జనం, క్యాజువాల్టీలో పాము కాట్లు. సన్నివేశం పెట్టడానికి ఇదే అదను.

కావాలని కట్లపాముని ఎంచుకున్నాను. నాగుపాము, రక్తపింజర అయితే వాపో రక్తమో కనబడుతుంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పుండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తే దారిలో ఊపిరి ఆగిపోతుంది.

బొమ్మకి కనురెప్పలు వాలవు. అందుకని రోగిగా మనిషే కావాలనుకున్నాం. నటుణ్ణి రోగిగా తయారుచేసి పాఠం చెప్పడం 1963లోనే లాస్ ఏంజెలెస్‌లో నరాల వైద్యుడు హోవర్డ్ బారోస్ మొదలుపెట్టాడు. మాకు ఊళ్లో పద్యనాటకాలు వేసే ఓ పెద్దాయన దొరికారు. ఆయన్ని బాబాయిగారూ అంటున్నాం. చేసిన ప్రతిసారీ ఆయనకి డబ్బివ్వాలని మొదటిరోజే ఖాయం చేసుకున్నాం. పని పనే. ఆయన తండ్రి వేషం, ఆయన మేనల్లుడు కొడుకు వేషం. రెండు మధ్యాహ్నాలు పక్కన కూర్చుని నేర్పాను. రెప్పలు ఎప్పుడు సగం వాల్చాలి, మాట ఎప్పుడు ముద్దవ్వాలి, తలగడ మీంచి తల ఎప్పుడు లేవకూడదు, అన్నీ.

"డాక్టరు బాబూ, మా గుంటడికి తెల్లారగట్ట నుండి కడుపునొప్పి. ఏటి తిన్నాడో ఏటో. కాస్త సూడండి బాబూ."

మొదటి జట్టులో హౌస్ సర్జన్లు ఇద్దరు, నర్సింగ్ విద్యార్థి ఒకరు, నాలుగో ఏడాది అమ్మాయి. కడుపు తడిమారు, గ్యాస్ ఇంజెక్షన్ రాశారు. రాత్రి ఎక్కడ పడుకున్నాడని ఎవరూ అడగలేదు. అప్పుడు బాబాయిగారు, నేను చెప్పని మాట ఒకటి అందుకున్నారు: "నులకమంచం మీద కూడా పడుకోడు బాబూ, ఎప్పుడూ నేల మీదే." ఒక హౌస్ సర్జన్ చటుక్కున తలెత్తాడు. "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో లెక్కపెట్టు తమ్ముడూ" అన్నాడు. మొదటిసారి కుర్రాడు ఇరవై దాటాడు. కాసేపటికి మళ్లీ అడిగితే పదకొండు దగ్గర ఆగిపోయాడు. ఊపిరి కండరాలు సన్నగిల్లుతున్నాయని ఆ తేడాయే చెప్తుంది.

ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకి గాజు గొట్టం అడిగారు. టెక్నీషియన్ మేం చెప్పినట్టే ప్లాస్టిక్ సీసా తెచ్చిచ్చాడు. నాలుగో ఏడాది అమ్మాయి వెనక్కి పంపింది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజులోనే రక్తం సరిగ్గా గడ్డకడుతుంది, ప్లాస్టిక్‌లో ఫలితం నమ్మలేం. కట్లపాముకి ఈ పరీక్ష మామూలుగానే వచ్చినా, ఏ పామో తెలియనప్పుడు చేసి తీరాలి. విరుగుడు 10 వైల్స్ సెలైన్లో కలిపి గంటలో ఎక్కేలా పెట్టారు. నాడి పట్టుకున్న నర్సింగ్ అమ్మాయి "సార్, ఒంటి మీద దద్దుర్లు" అంది. ఇక్కడ మేకప్‌తో ఎర్ర మచ్చలు వేశాం, మానిటరు మీద బీపీ పడేశాం.

"విరుగుడు ఆపండి. అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాము, తొడ కండరానికి."

"అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాము, తొడ కండరానికి. ఇచ్చాను సార్."

ఈ బదులు చెప్పడం నేర్పితేనే వస్తుంది. గోలగా ఉన్న గదిలో ఆదేశం గాల్లో కలిసిపోకుండా ఉండాలంటే విన్న మనిషి అదే మాట తిరిగి చెప్పాలి, చేశాక చేశానని చెప్పాలి. బీపీ కోలుకున్నాక విరుగుడు మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టారు. ఊపిరి చాలకపోయే దశకి వచ్చేసరికి తెర లాగి కుర్రాణ్ణి పక్కకి పంపి, అదే మంచం మీదికి ఇంట్యుబేషన్ బొమ్మని తెచ్చాం. కట్లపాము విషం నరం చివర్నే దెబ్బతీస్తుంది కాబట్టి నియోస్టిగ్మిన్ మందు అంతగా పనిచెయ్యదు. ట్యూబు వేసి ఊపిరి అందిస్తూ ఓపిక పట్టడమే వైద్యం.

సన్నివేశం పది నిమిషాలు, తర్వాతి మాటలు అరగంట పైన. వృత్తాకారంగా కూర్చున్నాం. ముందు "ఎలా అనిపించింది?" అని మాత్రమే అడుగుతాను. మనసులో దడ తగ్గకుండా తప్పొప్పుల్లోకి వెళ్తే ఏదీ చెవికెక్కదు. నాలుగో ఏడాది అమ్మాయి చాలాసేపు ఊరుకుని అంది: "రెప్పలు వాలడం నాకు మొదట్లోనే కనబడింది మేడం. అన్న చూసే ఉంటాడులే అనుకున్నాను."

ఆ హౌస్ సర్జన్ ఆమె వైపు తిరిగి "నేను చూడలేదమ్మా. ఇంకోసారి గట్టిగా అరిచి చెప్పు" అన్నాడు. మిగిలిన సమయమంతా ఆ మాట మీదే నడిచింది. పెద్దవాళ్లకి చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పాలి, వినకపోతే రెండోసారి ఎలా చెప్పాలి. పాఠ్యపుస్తకంలో లేని పాఠం ఇది. జూనియర్ నోరు తెరవని వార్డులో రోగికి భద్రత లేదు. ఈ ల్యాబ్ చెయ్యగలిగిన అతి పెద్ద పని ఆ నోరు తెరిపించడమే అనిపిస్తోంది.

గాజు గొట్టాల ప్యాకెట్ ఒకటి ఆ సాయంత్రమే క్యాజువాల్టీలో పాము కాటు ట్రేలో పెట్టించాం.

ఆగస్టు ఆఖరు

తేమకి స్పీకరు పాడైంది. కరెంటు పోయి ఒక సెషన్ ఆగింది. ఇన్వర్టరు అడిగాను, ఇస్తామన్నారు.

సెప్టెంబరు

కాన్పు బొమ్మ గట్టి ప్లాస్టిక్‌ది, బిడ్డ బయటికి రావడం వరకూ చూపిస్తుంది. మన దగ్గర తల్లిని పొట్టనపెట్టుకునేది ఆ తర్వాతి రక్తస్రావం. గర్భసంచి మెత్తబడిపోవడం చేతికి తెలియాలంటే మెత్తబడే సంచి కావాలి.

ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక టైలరు గారున్నారు, బ్యాగులు కూడా కుడతారు. ఆయనకి గర్భసంచి బొమ్మ గీసి చూపించి, కొలతలు చెప్పాను. పాత బీపీ మిషన్ రబ్బరు తిత్తి లోపలుండాలి, దాని చుట్టూ దూదీ గుడ్డా, బయట ఎర్ర రెక్సిన్, కింద నాడాతో బిగించే మూతి. ఆయన సంచిని అటూ ఇటూ తిప్పి, "మూతి కాడ రెండు పొరలు వెయ్యాలి మేడంగారూ, లేపోతే పిల్లలు లాగినప్పుడు పిగిలిపోతాది" అన్నారు. అలాగే వేశారు. బల్బు నొక్కితే సంచి గట్టిపడుతుంది, కవాటం వదిలితే మెత్తబడుతుంది. పొట్ట మీద చెయ్యి పెట్టిన విద్యార్థికి తెలియకుండా నేను కవాటం వదులుతాను. ఎప్పుడు గమనించి మర్దనా మొదలుపెడుతుందో చూస్తాను.

కుట్టిన బొమ్మతో కాన్పు నేర్పడం కొత్తదేం కాదు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో మదాం ద్యు కూద్రే అనే మంత్రసాని గుడ్డా తోలూ దూదీతో తల్లినీ బిడ్డనీ కుట్టించింది. 1759లో పదిహేనో లూయీ రాజు ఆమెను దేశమంతా తిరిగి పల్లెటూరి ఆడవాళ్లకి కాన్పులు నేర్పమన్నాడు. ఆ బొమ్మల్లో ఒకటి రూఆన్ నగరంలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. మా టైలరు గారికి ఫోన్లో ఆ ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, బిడ్డ మెడ దగ్గర కుట్టు ఎలా తిప్పారో అడిగారు.

రక్తం లెక్క కట్టడం మీద ఒక పూట గడిపాం. బీట్‌రూట్ రసంలో మొక్కజొన్న పిండి కొంచెం కలిపి, కొలిచిన 500 మిల్లీలీటర్లు పాత నేతచీర మీద పోశాం. చీర తాగేసింది. "ఎంతుంటుంది?" అంటే రెండు వందలనే అన్నారు చాలామంది. సాధారణ కాన్పులో 500 దాటితే రక్తస్రావం కిందే లెక్క. 2006లో బ్రిటన్ వైద్యులు కొలిచి చూపిన ప్రకారం నేల మీద అర మీటరు వెడల్పు పరచుకున్న రక్తం 500 మిల్లీలీటర్లు, మీటరు వెడల్పుంటే 1500. మేమూ సిమెంటు నేల మీద పోసి సుద్దతో గీతలు గీశాం. కాన్పుల వార్డు సిస్టర్లు నలుగురు మధ్యలో వచ్చి చూశారు, వాళ్లలో పెద్దావిడ ఆ గీతల్ని పేపరు మీద ఎక్కించుకుని వెళ్లారు.

రక్తస్రావం ఆపడానికి నేర్పిన వరస ఇది: గర్భసంచి బిగిసేలా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి, మర్దనా, రక్తం ఆగడానికి మూడు గంటల లోపు ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము, అప్పటికీ ఆగకపోతే కండోమ్‌ని కాథెటర్‌కి కట్టి గర్భసంచిలో పెట్టి సెలైన్‌తో నింపే పద్ధతి. ఆ చివరిది బంగ్లాదేశ్ డాక్టర్ సయేబా అఖ్తర్ ప్రపంచానికి ఇచ్చినది, ఖర్చు అతి తక్కువ. టైలరు గారి సంచిలోకి అదీ సరిగ్గా పడుతుంది. పై ఆసుపత్రికి పంపే దారిలో, అంబులెన్సులో తల్లిని నిలబెట్టే పని ఇది. ప్రతి హౌస్ సర్జన్ ఇది చేసి చూపించాకే కాన్పుల పోస్టింగుకి వెళ్లాలని ప్రసూతి విభాగం పెద్ద మేడం నిర్ణయించారు.

అక్టోబరు

దసరా సెలవులు, ఆ వెంటనే విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. సగం మంది లేరు. ఫోము మార్చాం, గ్లవ్స్ మార్చాం.

సెలవుల తర్వాత ఒక విషయం కలవరపెట్టింది. ఫోము చెయ్యి మీద చకచకా లైను వేసే అబ్బాయి ఒకడు వార్డులో రోగి ముఖం వైపు చూడకుండానే చెయ్యి పట్టుకున్నాడు. బొమ్మ మీద నేర్చుకున్న చెయ్యి బొమ్మనే పట్టుకుంటుంది మరి. దీనికి విరుగుడు లండన్ సర్జన్ రోజర్ నీబోన్ ఎప్పుడో చూపించాడు: బొమ్మని మనిషికి తగిలించాలి. ఫోము చేతిని బాబాయిగారి చొక్కా చేతిలోంచి బయటికి వచ్చేలా పట్టీతో కట్టాం. ఇప్పుడు సూది ఫోముకే, "అమ్మా!" అనేది మాత్రం ఆయన. పేరు అడగకపోతే ఆయన చెయ్యి లాగేసుకుంటారు. "ఎన్నిసార్లు గుచ్చుతావు బాబూ" అంటారు. చెప్పి గుచ్చితే "సరే నాయనా" అంటారు. ఆ అబ్బాయి మూడోసారికి ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇక నుంచి మనిషి లేకుండా ఐవీ పరీక్ష పెట్టం.

నవంబరు

మధ్యలో పరీక్ష పెట్టాం. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో వైద్య అధ్యాపకుడు హార్డెన్ తెచ్చిన ఓస్కీ పద్ధతే: వరుసగా స్టేషన్లు, గంట మోగితే తర్వాతి స్టేషన్. పాము కాటు, రక్తస్రావం, పరుపు మీద సీపీఆర్, ఉద్దానం చెయ్యి, కుట్లు. కుట్లకి చికెన్ తొడ ముక్కలు వాడాం, చర్మం సాగుదల బాగా వస్తుంది. ఉద్దానం చెయ్యి దగ్గర తడమకుండా టోర్నికే బిగించినవాళ్లు ఈసారి బాగా తగ్గారు. కుట్ల దగ్గర చాలామంది ముడి సరిగ్గానే వేశారు, సూదిని షార్ప్స్ డబ్బాలో (వాడిన సూదులు పడేసే డబ్బా) వెయ్యడం మర్చిపోయారు. ముడికి మార్కులిచ్చి, సూదికి మొత్తం స్టేషన్ మళ్లీ చేయించాం. బల్ల మీద వదిలిన సూది తర్వాత శుభ్రం చేసే ఆయా వేలికి గుచ్చుకుంటుంది. దీంట్లో సడలింపు ఉండదు.

బొమ్మతో రానివి కొన్ని ఉన్నాయని కూడా ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను. పొట్టలో నీరు చేతికి తెలియడం, నిజమైన గుండె చప్పుడులో సన్నటి తేడా, జ్వరంతో ఒళ్లు కాలుతున్న బిడ్డని పట్టుకున్నప్పుడు తల్లి కళ్లలో కనబడేది, ఇవి వార్డులోనే, రోగి అనుమతితో, పక్కన నేర్పేవాళ్లుండగానే రావాలి. ల్యాబ్ ఉంది కదా అని వార్డు పోస్టింగు గంటలు తగ్గించే ఆలోచన ఒకటి సమావేశంలో వినబడింది. గట్టిగా వద్దన్నాను. ల్యాబ్ పని విద్యార్థిని రోగి దగ్గరికి సిద్ధం చేసి పంపడం వరకే.

డిసెంబరు

మూడో ఏడాది వాళ్లలో ఐదుగురు నేర్పడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది పిల్లలకి సీపీఆర్, ఐవీ వాళ్లే చెప్తున్నారు. నేను వెనక బెంచీ మీద కూర్చుంటాను. జూనియర్లు మమ్మల్ని అడగడానికి జంకేవి అక్కా, అన్నా అంటూ వాళ్లని అడిగేస్తున్నారు. "గుచ్చినప్పుడు మీకు భయమేసిందా అక్కా?" అని ఒక అమ్మాయి అడిగింది. "బాగా. అందుకే ఇక్కడికి రోజూ వచ్చాను" అంది సీనియర్.

ఫైలు కదిలి, కొత్త ఐవీ చేతులు రెండు వచ్చాయి. బావున్నాయి, చర్మం మెత్తగా ఉంది. కానీ వాటిలో ఫిస్టులా లేదు, మామ్మగారి సిర లేదు. మేం చేసినవే ముందు వరసలో ఉంటాయి.

తర్వాతి పని నడుము నీరు తీసే వీపు. వెన్నుపూసల మధ్య సూది దారి చేతికి తెలియాలంటే ఎముక ఎంత గట్టిగా ఉండాలి, నారలు ఎంత సాగాలి అన్నది తేల్చుకోవాలి. వడ్రంగి టేకు ముక్కల్లో పూసలు చెక్కిస్తానన్నాడు. టైలరు గారికి కొలతలు పంపాను. పెద్ద పెట్టె ఒకటి కూడా చేయిస్తున్నాం: గర్భసంచి, ఉద్దానం చెయ్యి, గాజు గొట్టాలు, సుద్ద, సీపీఆర్ పలక అందులో పట్టాలి. జనవరి నుంచి నెలకోసారి ఆ పెట్టెతో హౌస్ సర్జన్లు గ్రామీణ పోస్టింగు ఆరోగ్య కేంద్రాలకి వెళ్తారు, అక్కడి స్టాఫ్ నర్సులతో కలిసి చేస్తారు. మొదటిది మందస వైపు. బాబాయిగారు తనూ వస్తానన్నారు, బస్సు చార్జీ బిల్లు పెట్టాలి.